అడవిలా పెరిగిన మందారం: ఎంత కొట్టాలి, ఎక్కడ ఆపాలి

ప్రహరీ గోడ పక్కన ఏడెనిమిదేళ్ల కిందట నాటిన మందారం ఇప్పుడు పది పన్నెండు అడుగులకు చేరి ఉంటుంది. పైన గుబురు, కింద నడుమెత్తు దాకా ఆకు లేని కర్రలు. పూలన్నీ డాబా మీదికి ఎక్కితే తప్ప కనిపించవు, పూజకు ఒక్క పువ్వు కావాలన్నా కొక్కెం కర్ర వెతుక్కోవాలి. లోపలికి చెయ్యి పెడితే ఎండు పుల్లలు, పిండినల్లి, చీమలు. పెరళ్లున్న మన వీధుల్లో ఇలాంటి మొక్క ఒకటైనా తగులుతుంది.

దీన్నేం చేయాలని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. నర్సరీ అతను "మోకాలెత్తుకు కొట్టేయండి, మళ్లీ వస్తుంది" అంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు "పచ్చని చెట్టును అంతలా నరికితే చచ్చిపోతుంది" అంటారు. తోటపని వీడియోలేమో చివర్లు తుంచుతూ ఉంటే చాలంటాయి. ఈ మూడూ ఏదో ఒక మొక్క విషయంలో, ఏదో ఒక కాలంలో నిజమే. ఏది ఎప్పుడు నిజమో తేల్చుకోవాలంటే కత్తెర పట్టేముందు మొక్క లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి. పొదను కత్తిరించేవాళ్లలో చాలామంది ఎంత తీసేయాలన్న లెక్కతోనే మొదలుపెడతారు. కోత అయ్యాక మొక్క మీద ఏం మిగులుతుందన్న లెక్క దానికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఎన్ని ఆకులు మిగిలాయి, బతికున్న మొగ్గలు ఎక్కడ ఉన్నాయి, వాటి మీద ఎండ పడుతుందా లేదా అన్నవే చిగురు వస్తుందో రాదో తేలుస్తాయి.

కింద బోడిగా ఎందుకు తయారవుతుంది

ఎప్పుడూ పచ్చగా కనిపించే మొక్కలు కూడా ఆకు రాలుస్తాయి. మందారం, నందివర్ధనం, నూరువరహాలు, గన్నేరు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలుస్తాయి కాబట్టి మన దృష్టికి రాదు. ఏ ఆకు ముందు రాలాలన్నది చాలావరకు వెలుతురే నిర్ణయిస్తుంది. తాను వాడుకునేదానికన్నా ఎక్కువ చక్కెర తయారు చేస్తున్నంత కాలమే ఆకుకు కొమ్మ మీద చోటుంటుంది. పైన గుబురు దట్టమయ్యేకొద్దీ కింది ఆకులకు ఎండ తగ్గిపోతుంది. అప్పుడు మొక్క ఆ ఆకుల్లోని నత్రజనిని వెనక్కి లాక్కుని పైనున్న లేత చిగుళ్లకు పంపి, పాత ఆకును వదిలించుకుంటుంది. అలా పసుపు పచ్చగా మారి రాలిపోయే కింది ఆకుల్ని చూసి, బలం తక్కువైందనుకుని యూరియా వేసేవాళ్లుంటారు. దాంతో పైగుబురు ఇంకా చిక్కబడి, కింద నీడ ఇంకా పెరుగుతుంది.

ఆఫీసుల ముందు, అపార్ట్‌మెంట్ల లోపల వరసగా నాటిన మొక్కల్ని నెలకోసారి పెద్ద కత్తెరతో సమంగా గీకినట్టు కత్తిరిస్తుంటారు. ప్రతి కోత కిందా రెండు మూడు చిగుళ్లు పుడతాయి, వాటిని మళ్లీ అక్కడే కోస్తారు. కొన్నేళ్లు గడిచేసరికి పైన బెత్తెడు మందాన ఆకుల పొర ఏర్పడుతుంది, దాని వెనకంతా ఎండు పుల్లలే. బయట నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఎప్పుడో ఒక రోజు కాస్త లోతుగా కోస్తే మాత్రం అక్కడ గోధుమరంగు గొయ్యి తేలుతుంది. ఇలాంటి కంచె మొక్కలకు కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఆకారం ఇవ్వాలి. చాలాచోట్ల గోడలా నిటారుగానో, పైన బరువుగా కింద సన్నగానో వదిలేస్తారు. అడుగున ఆకు నిలవాలంటే అడుగుకు ఎండ తగలాలి, దానికి వేరే దారి లేదు.

తల తీస్తే పక్కన చిగురు ఎలా వస్తుంది

కరివేపాకు పెంచేవాళ్లందరికీ ఇది చేతి అనుభవం. కూరకు కావలసినప్పుడల్లా రెమ్మలు మాత్రం తుంచుకుంటూ పోతే మొక్క కర్రలా పైకి సాగుతుంది. తలతో సహా విరిస్తే పక్కనుంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి. ఆకు కొమ్మను అంటుకున్న ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది. కొన చిగురు ఉన్నంతసేపూ ఆ మొగ్గలు నిద్రలోనే ఉంటాయి.

ఎందుకలా అన్నది శాస్త్రవేత్తల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. 1933లో కాలిఫోర్నియాలో కెనెత్ థిమాన్, ఫోల్కే స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్కల కొన చిగుళ్లు కోసి, ఆ కోత మీద ఆక్సిన్ అనే హార్మోన్ పెట్టి చూశారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు కదల్లేదు. కొన చిగురులో తయారై కిందికి దిగే ఆక్సినే మొగ్గల్ని ఆపుతోందని అర్థమైంది. వేళ్లలో ఎక్కువగా తయారయ్యే సైటోకైనిన్లు అనే హార్మోన్లు మొగ్గల్ని లేపే వైపు పనిచేస్తాయని తర్వాత తేలింది. 2008లో స్ట్రిగోలాక్టోన్లు అనే మరో రకం హార్మోన్లు కూడా కొమ్మలు రాకుండా అడ్డుకుంటాయని బయటపడింది.

2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బఠాణీ మొక్కల మీద చూపించిన విషయం తోటపని చేసేవాళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. కొన కోసిన తర్వాత, ఆక్సిన్ తగ్గిన కబురు కింది మొగ్గకు చేరకముందే ఆ మొగ్గ కదలడం మొదలవుతోంది. కొనచిగురు ఎక్కువ చక్కెరను లాక్కుంటుంది. దాన్ని తీసేయగానే ఆ చక్కెర మొగ్గలకు మళ్లుతుంది, అవి లేస్తాయి. అంటే మొగ్గ లేవాలంటే పైనున్న అడ్డు తొలగడంతో పాటు తిండి కూడా అందాలి.

నర్సరీ అతని మాటకూ పెద్దవాళ్ల భయానికీ మధ్య ఉన్న చిక్కు ఇక్కడ విడిపోతుంది. తిండి ఎక్కడ నుంచి రావాలి? ఉన్న ఆకుల నుంచి రావాలి, లేదా కాండంలో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం నుంచి రావాలి. చలిదేశాల్లో శీతాకాలం ఆకంతా రాల్చేసే మొక్కలు రాల్చేముందే తమ సరుకును వేళ్లలోకీ కాండంలోకీ దించేసుకుంటాయి. అందుకే ఆకు లేని ఆ కాలంలో వాటిని ఎంత కోసినా పెద్దగా నష్టపోవు. ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్క పద్ధతి వేరు. దాని సరుకులో, ముఖ్యంగా నత్రజనిలో, పెద్ద భాగం ఆకుల్లోనే ఉంటుంది. ఆకంతా ఒక్కసారి తీసేస్తే వంటిల్లూ పోతుంది, కొట్టుగదిలో సరుకూ పోతుంది. వేళ్లలో నిల్వ బాగా ఉన్న మొక్క తట్టుకుంటుంది. నీళ్లు చాలక, తెగుళ్లతో నీరసించిన మొక్క తట్టుకోలేదు. ఒకే వీధిలో ఇద్దరు మందారాల్ని మోకాలెత్తుకు కొట్టిస్తే ఒకటి గుబురుగా లేచి, ఇంకొకటి మోడై పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఈ లెక్కను పక్కాగా పాటించేది తేయాకు తోటలవాళ్లు. తేయాకు కూడా ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కే. కోయకుండా వదిలేస్తే చెట్టవుతుంది. మున్నార్‌లోనో నీలగిరిలోనో మనం చూసే నడుమెత్తు పొదలు కత్తిరింపు వల్ల అలా ఉన్నవే. నాలుగైదేళ్లకోసారి వాటిని బాగా కిందికి కోస్తారు. కోసేముందు కొన్ని పొదల వేళ్లు తీసి, అడ్డంగా కోసి అయోడిన్ వేసి చూస్తారు. నల్లగా, ముదురు నీలంగా మారితే పిండిపదార్థం దండిగా ఉందని లెక్క. రంగు సరిగా రాకపోతే కోత వాయిదా వేస్తారు, లేదా పొద అంచున ఒకటి రెండు ఆకుల కొమ్మల్ని వదిలేసి మిగతావి కోస్తారు. ఆ వదిలిన కొమ్మల్ని ఊపిరితిత్తులని పిలుస్తారు. కొత్త చిగుళ్లు నిలదొక్కుకున్నాక వాటిని కూడా తీసేస్తారు. మన పెరట్లో అయోడిన్ పరీక్ష అక్కర్లేదు. ఆకుల కొమ్మలు కొన్ని వదలడం మాత్రం మందారానికీ నందివర్ధనానికీ అచ్చంగా పనికొస్తుంది. పెరటి మొక్కను ఒక్కసారిగా మోడు చేయకుండా ఉంచడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

ఏది మళ్లీ చిగురిస్తుంది, ఏది చిగురించదు

మందారం, నందివర్ధనం, గన్నేరు, గోరింట, కరివేపాకు పాత కర్ర నుంచి కూడా చిగురిస్తాయి. వీటి బెరడు కింద ఎప్పటివో నిద్రమొగ్గలు కాండంతో పాటే పెరుగుతూ ఉంటాయి. కర్ర ముదిరేకొద్దీ, బెరడు మందమయ్యేకొద్దీ వాటి సంఖ్య, సత్తువ తగ్గుతాయి. అందువల్ల చేతి మణికట్టంత లావు పాత కాండం కన్నా బొటనవేలి లావు కొమ్మ తొందరగా చిగురిస్తుంది. కర్ర బతికే ఉందో లేదో అనుమానమొస్తే గోటితో బెరడు కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణమున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండిపోయినట్టు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, మీరు మొత్తం పొదను ఏ ఎత్తుకు కోయాలనుకుంటున్నారో ఆ ఎత్తులో ఒకే ఒక్క కొమ్మను కోసి నెలా నెలన్నర ఆగండి. దాని మీద చిగుళ్లు లేస్తే మిగతావాటి మీద ధైర్యంగా చెయ్యి వేయొచ్చు.

మన నర్సరీల్లో దొరికే తూజా సంగతి పూర్తిగా వేరు. దాని పచ్చటి భాగం దాటి లోపలి గోధుమరంగు కర్రలోకి కోస్తే అక్కడ మళ్లీ పచ్చదనం రాదు. జునిపర్ కూడా అంతే. ఇవి చిన్నప్పటి నుంచీ పచ్చ భాగంలోనే కొద్దికొద్దిగా కత్తిరిస్తూ అదుపులో పెట్టుకోవలసిన మొక్కలు. చెయ్యిదాటాక సగానికి నరికి బాగు చేయడం కుదరదు. అరెకా పామ్‌కు ప్రతి కాండానికీ ఒకే ఒక్క పెరిగే కొన ఉంటుంది. "ఎత్తు పెరిగింది" అని తల కొట్టేస్తే ఆ కాండం అక్కడితో సరి. ఎత్తయిన కాండాన్ని నేల మట్టానికి తీసేసి పక్క పిలకల్ని ఉంచుకోవాలి.

పూల మాట కూడా ముందే చూసుకోవాలి. మందారం కొత్త రెమ్మ మీద, ఆకు మొదట్లో మొగ్గ వేస్తుంది. కొత్త రెమ్మలు ఎన్ని ఎక్కువైతే పూలు అన్ని ఎక్కువ. కాబట్టి కోత దానికి కలిసొస్తుంది. గట్టిగా కోసిన తర్వాత మళ్లీ పూలు రావడానికి రెండు నుంచి నాలుగు నెలలు పట్టొచ్చు, ఆ మధ్యకాలం ఓపిక పట్టాలి. నూరువరహాల పూలగుత్తి కొమ్మ చివర వస్తుంది. నెలనెలా చివర్లు గీకేవాళ్లు ఆ గుత్తిని పుట్టకముందే కోసేస్తున్నారు. "కంచెగా పెట్టిన నూరువరహాలు పూయడం లేదు, ఏం మందు కొట్టాలి" అని అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది మందు కాదు, కత్తెరకు రెండు మూడు నెలల సెలవు.

మందారాన్ని విడతలుగా దించడం

మొదట ఎవరూ వాదించలేని కొమ్మలు తీసేయాలి. ఎండిపోయినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకుని బెరడు లేచిపోయినవి, పిండినల్లి పట్టి ముడుచుకుపోయినవి. ఇంతటితోనే లోపలికి గాలీ వెలుతురూ వస్తాయి, మొక్క అస్థిపంజరం కంటికి కనిపిస్తుంది. అప్పుడు రెండడుగులు వెనక్కి వెళ్లి చూడండి. మొదలు నుంచి ఎన్ని పెద్ద కాండాలు లేచాయో లెక్కపెట్టండి. తొమ్మిది ఉన్నాయనుకుందాం. వాటిలో అన్నిటికన్నా పాతవి, పొడవైనవి మూడు ఎంచుకుని మొదలుకు దగ్గరగా, నేల నుంచి అడుగు లోపు కోసేయండి. మిగతా ఆరింటినీ ముట్టుకోకండి, లేదా కొనలు మాత్రం కొంచెం దించండి. ఆ ఆరూ ఈ విడతకు మొక్క ఊపిరితిత్తులు.

పొదలో మూడో వంతు ఇలా ఖాళీ అయ్యాక కింది దాకా ఎండ దిగుతుంది. కోసిన మోళ్ల దగ్గర, ఉన్న కాండాల అడుగున కూడా చిగుళ్లు లేస్తాయి. అవి చేతి పొడవయ్యాక రెండో విడతలో ఇంకో మూడు పాత కాండాలు, తర్వాతి విడతలో చివరి మూడు. చలిదేశాల పుస్తకాల్లో దీన్ని ఏడాదికో విడత చొప్పున మూడేళ్లు చేయమంటారు. మన దగ్గర మందారం దాదాపు ఏడాదంతా పెరుగుతుంది కాబట్టి ఏడెనిమిది నెలల ఎడం సరిపోతుందని నా లెక్క. రెండో విడతకు ముందు తేదీ చూడకుండా మొదటి విడత చిగుళ్లు బలపడ్డాయో లేదో చూడాలి.

కోతల్లో రెండు రకాలున్నాయన్నది చాలామంది పట్టించుకోరు. కొమ్మను మధ్యలో కోస్తే దాని కింద నుంచి గుంపుగా చిగుళ్లొచ్చి అక్కడే మళ్లీ గుబురవుతుంది. కొమ్మను అది పుట్టిన చోటు దాకా తీసేస్తే ఆ జాగా ఖాళీగా ఉండి వెలుతురు లోపలికి వస్తుంది. ఖాళీగా ఉన్న వైపు గుబురు కావాలంటే మొదటి రకం, చిక్కగా ఉన్న చోట పలచబడాలంటే రెండో రకం. అడవిలా పెరిగిన పొదకు రెండోదే ఎక్కువ కావాలి. మనం చేసేది మాత్రం ఎక్కువగా మొదటిదే, ఎందుకంటే చెయ్యి తేలిగ్గా అందేది కొమ్మల కొనలే.

మధ్యలో కోసేటప్పుడు బయటివైపు చూసే కణుపుకు కొంచెం పైన, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. కణుపుకు మరీ పైన కోస్తే మిగిలిన ముక్క ఎండి, ఆ ఎండు కిందికి పాకుతుంది. వేలి లావు వరకు సికేచర్ (కొమ్మలు కోసే చేతి కత్తెర) చాలు, అంతకుమించితే రంపం. మొద్దుబారిన కత్తితో కొడితే కర్ర చీలుతుంది. లావు కొమ్మను ఒకే కోతతో పడేస్తే బరువుకు బెరడు కిందిదాకా ఊడి వస్తుంది. ముందు కింది వైపు నుంచి కొంచెం కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించి, ఆఖరున మిగిలిన మోడును మొదటి దగ్గర సరి చేయాలి. తెగులున్న మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవడం మరిచిపోవద్దు.

కోత చుట్టూ పెయింట్ పూయాలా అన్నది పాత వాదం. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను చీల్చి చూసి, చెట్లు గాయాన్ని మనలా మాన్పుకోవని, చెడిన భాగాన్ని లోపల గోడలు కట్టి వేరు చేస్తాయని 1970ల్లో వివరించారు. కొమ్మ కాండాన్ని కలిసే చోట కొంచెం ఉబ్బుగా ఉండే పట్టీ ఉంటుంది. ఆ గోడలు కట్టే పని అక్కడే బాగా జరుగుతుంది, అందుకే కాండానికి మరీ నున్నగా అంటించి కోసి ఆ పట్టీని పాడు చేయకూడదు. పెయింట్, తారు, పేడ పూత కుళ్లును ఆపవు. తడిని లోపల బిగించి ఉంచే ప్రమాదం కూడా ఉంది. మన ఉద్యాన శాఖవాళ్లు మామిడి, బత్తాయి, దానిమ్మ తోటల్లో కోత మీద బోర్డో పేస్టు పూయమంటారు. అది గాయం మానడానికి కాదు, వానల్లో శిలీంధ్రాలు దిగకుండా రాగి మందు. పెరట్లో లావు కోతలు రెండో మూడో ఉంటే, వానాకాలం నడుస్తుంటే పూసుకోవచ్చు. వేలి లావు కోతలకు ఏమీ అక్కర్లేదు.

కాలం

మన దగ్గర కోతకు చలి అడ్డు కాదు, ఎండే అసలు శత్రువు. ఇన్నేళ్లూ నీడలో ఉన్న లోపలి బెరడు రోహిణి కార్తె ఎండకు ఒక్కసారిగా బయటపడితే కాలి పగుళ్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండు పుల్లలు తీయడం తప్ప పెద్ద కోతలు పెట్టుకోవద్దు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఒకటి రెండు మంచి వానలు పడి గాలి చల్లబడ్డాక కోస్తే చిగురు రెండు మూడు వారాల్లో కనిపిస్తుంది. ఆషాఢంలో గోరింట కొమ్మలు విరిచి ఆకు దూసుకోవడం కూడా ఈ కాలానికే వస్తుంది, తర్వాత ఆ మొక్క ఎంత గుబురుగా వస్తుందో చూసినవాళ్లకు తెలుసు. రెండో అదను ఫిబ్రవరి. చలి తగ్గి మొక్క కదిలే సమయమది, చిగుళ్లు ఎండలు ముదిరేలోపు కాస్త గట్టిపడతాయి. అయితే వేసవిలో నీళ్లకు ఇబ్బంది లేని ఇళ్లకే ఇది మంచిది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాను గాలులకు పైబరువున్న మందారాలు చీలిపోతుంటాయి, అక్కడివాళ్లు వానాకాలం మొదట్లోనే ఎత్తు దించుకోవడం మేలు.

కోసేముందు గుబురులో పిగిలిపిట్ట గూడేమైనా ఉందేమో చూడండి. ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మ జోలికి వెళ్లొద్దు. కొన్ని వారాల ఆలస్యంతో మందారానికి వచ్చే నష్టమేమీ లేదు.

అమెరికాలో ఉండే మనవాళ్ల పరిస్థితి తిరగబడుతుంది. టెక్సాస్‌లో కుండీలో పెంచే మందారాన్ని చలి మొదలయ్యాక ఇంట్లో పెట్టుకుని, వసంతంలో మళ్లీ బయటికి తీసేటప్పుడు కోయాలి. శరదృతువులో కోస్తే లేత చిగుళ్లు చలికి మాడిపోతాయి. న్యూజెర్సీ లాంటి చోట్ల ఇంటి ముందు వరసగా ఉండే పొదల్లో యూ, హాలీ పాత కర్ర నుంచి చిగురిస్తాయి, ఆర్బర్‌వైటే (తూజాకు అక్కడి పేరు), జునిపర్ చిగురించవు. ఇల్లు కొన్న కొత్తలో పేరు తెలుసుకోకుండా రంపం తీయొద్దని చెప్పేది అందుకే. అజేలియా, కమీలియా వచ్చే ఏడాది పూమొగ్గల్ని ముందు ఏడాదే తయారు చేసుకుంటాయి కాబట్టి పూలు అయిపోగానే కోయాలి.

కోత తర్వాత

ఎక్కువ మొక్కలు దెబ్బతినేది ఇక్కడ. కోశాం కదా, బలం కావాలని వెంటనే బకెట్లకు బకెట్లు నీళ్లు పోసి, ఎరువు దట్టిస్తారు. కానీ నీటిని ఆవిరి చేసేది ఆకులు. ఆకులు సగం తగ్గితే నీటి అవసరం కూడా తగ్గుతుంది. మునుపటంత పోస్తే, ముఖ్యంగా కుండీల్లో, వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. మట్టి పైన అంగుళం ఆరాకే నీళ్లు. మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ సమంగా ఉంటుంది. ఎరువు చిగుళ్లు రెండు మూడు అంగుళాలయ్యాక ఇవ్వండి, బాగా మాగిన పశువుల ఎరువులో కాస్త వేపపిండి కలిపి వేస్తే చాలు. నత్రజని ఎక్కువైతే చిగుళ్లు మెత్తగా, పొడుగ్గా సాగుతాయి, వాటి మీదికి పేనుబంక, పిండినల్లి పరుగెత్తుకొస్తాయి. లేత చిగుళ్లను వారానికోసారి తిప్పి చూడాలి. తెల్లటి దూది మచ్చ కనిపిస్తే ఆ కొన తుంచేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. చీమల బాటను కూడా అడ్డుకోవాలి, పిండినల్లిని కాపాడుతూ తిరిగేవి అవే.

ప్రతి మోడు చుట్టూ గుత్తుగా ఆరేడు చిగుళ్లు లేస్తాయి. చూడ్డానికి సంతోషంగా ఉంటుంది, అన్నీ వదిలేయాలనిపిస్తుంది. వదిలేస్తే ఏడాదిన్నరలో మళ్లీ అదే చిక్కు. బయటికి చూసే రెండు మూడింటిని ఉంచి, మిగతావి లేతగా ఉండగానే వేళ్లతో వలిచేయాలి. ఉంచినవి జానెడయ్యాక కొన తుంచితే పక్క రెమ్మలొస్తాయి. చివర్లు తుంచుతూ ఉండండన్న వీడియోల సలహా సరిగ్గా పనిచేసేది ఈ దశలో. ముదిరిన పొద మీద అదే పని చేస్తే పైపొర మందం పెరగడం తప్ప ఉపయోగం లేదు.

కోసిన మందారం కొమ్మల్లో తెగులు లేనివాటిని పారేయకండి. పెన్సిల్ లావున్నవి జానెడు ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా వానాకాలంలో గుచ్చితే చాలావరకు నాటుకుంటాయి. రేకమందారం ముద్దమందారం కన్నా తేలిగ్గా వేళ్లు వేస్తుంది. పిండినల్లి ఉన్న కొమ్మల్ని మాత్రం మొక్క మొదట్లో పోగు పెట్టకుండా సంచిలో కట్టి పంపేయండి.

గన్నేరు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆకు, బెరడు, పాలు, గింజ అన్నిట్లోనూ గుండె మీద పనిచేసే విషముంది. చేతి తొడుగులు వేసుకోవాలి, పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. కోసిన కొమ్మల్ని పశువులకూ మేకలకూ అందే చోట పడేయొద్దు, ఎండాక కూడా విషం పోదు. చలిమంట వేయడానికో పొయ్యిలోకో వాడొద్దు, పొగ కూడా హాని చేస్తుంది. పచ్చగన్నేరుకూ ఇదే వర్తిస్తుంది. నందివర్ధనం పాలు కూడా చర్మానికి, కంటికి దురద పుట్టిస్తాయి, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

ఇంత చేసినా కొన్ని పొదలు నిలవవు. మొదలు దగ్గర బెరడు చుట్టూ కుళ్లిపోయి ఉంటే, గీకిన ప్రతిచోటా పొడి కర్రే కనిపిస్తే, ఏళ్లతరబడి కోసిన చోటే కోసి కాండం ముడులు ముడులుగా తయారై ఉంటే, విడతల పేరుతో రెండేళ్లు కాలయాపన చేయడం వృథా. కిటికీ ముందు మూడడుగుల జాగాలో పది అడుగులు పెరిగే మొక్క ఉన్నా అంతే, దాన్ని ఎంత బాగా కోసినా ప్రతి ఏడాదీ ఇదే పని. వేళ్లతో సహా తీసేసి, ఆ గోతిలో కొత్త మట్టి, మాగిన ఎరువు నింపి, ఆ జాగాకు తగ్గ ఎత్తు పెరిగే పొట్టి రకం నూరువరహాలో, నర్సరీలో పొట్టి రకమని రూఢి చేసుకున్న మందారమో గోడకు కనీసం రెండడుగుల ఎడంగా నాటుకోండి.